వృత్తి విద్య విద్యార్థుల పని అనుభవ శిక్షణ: జమా ఖర్చుల వివరణ

దాతలకు, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, పూర్వ విద్యార్థులకు నమస్కారం.

మన ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వృత్తి విద్య చదువుతున్న తొమ్మిది, పది తరగతుల పిల్లలు 42 మందిని దసరా సెలవుల్లో ఎనిమిది రోజుల పాటు మెకానిక్ షెడ్లకు, టైలరింగ్ షాపులకు పని నేర్చుకోవడానికి పంపాం. ఆటోమోటివ్ కోర్సు పిల్లలు 20 మంది, కుట్టుపని కోర్సు పిల్లలు 22 మంది. అందుకోసం మీరు ఇచ్చిన డబ్బు ఎంత, ఎక్కడ ఖర్చయింది, ఎంత మిగిలింది అనేది పైసా సహా ఇక్కడ రాస్తున్నాం. వృత్తి విద్యకు ప్రభుత్వం నుంచి వచ్చే నిధులు పాఠశాల ఖాతాలో విడిగా ఉంటాయి. వాటికీ ఈ లెక్కకూ సంబంధం లేదు.

ముందుగా జమ.

పూర్వ విద్యార్థుల విరాళాలు: రూ. 41,500
ఊళ్లోని వ్యాపారులు: రూ. 20,000
ఉపాధ్యాయులు: రూ. 12,000
తల్లిదండ్రులు: రూ. 4,300
బ్యాంకు వడ్డీ: రూ. 212
మొత్తం జమ: రూ. 78,012

తల్లిదండ్రుల దగ్గర వసూలు చేయకూడదని మొదటి సమావేశంలోనే తీర్మానించాం. అయినా కొందరు తల్లులు సంతకాల కోసం బడికి వచ్చినప్పుడు యాభై, వంద చొప్పున బలవంతంగా చేతిలో పెట్టి వెళ్లారు. ఆ డబ్బుకు కూడా రసీదు రాశాం. జమలో కనిపించని మొత్తం ఒకటుంది, అది కూడా చెప్పాలి. ఒక వ్యాపారి రూ. 15,000 ఇస్తానన్నారు. ఆటోమోటివ్ పిల్లలందరినీ పండగ ముందు తన దగ్గరికే పంపాలన్నది ఆయన షరతు. పిల్లలు నేర్చుకోవడానికి వెళ్తున్నారు, పండగ రద్దీకి మనుషులను సర్దడానికి కాదు. అందుకే ఆ చెక్కు తీసుకోలేదు.

ఇక ఖర్చు. మొత్తం ఖర్చులో మూడింట రెండు వంతులు పిల్లలు పనిలో అడుగు పెట్టకముందే అయిపోయింది. కావాలనే అలా చేశాం. పంపడం తేలిక. నలుగురు యజమానులతో మాట్లాడి, పేర్లు రాసిచ్చి, వెళ్లిరండి అంటే సరిపోతుంది. సిద్ధం చేయకుండా పంపిన పిల్లలు ఎనిమిది రోజులూ ఒక మూల నిలబడి, టీలు తెచ్చిపెట్టి తిరిగొస్తారు. మన పిల్లలకు ఆ గతి పట్టకూడదన్నదే కమిటీ పట్టుదల.

అన్నిటికంటే పెద్ద పద్దు బూట్లు. ముందు వైపు ఉక్కు రేకు ఉండే సేఫ్టీ బూట్లు 20 జతలు కొన్నాం. 17 జతలు రూ. 890 చొప్పున స్థానికంగా దొరికాయి. ఆటోమోటివ్ చదివే ముగ్గురు అమ్మాయిల పాదాలకు సరిపోయే చిన్న సైజు ఇక్కడ ఏ దుకాణంలోనూ లేదు. వాటిని బయటి నుంచి తెప్పించాం, జత రూ. 970 పడింది. అంతా కలిపి రూ. 18,040. అన్నీ ఐఎస్ఐ గుర్తు, సేఫ్టీ బూట్ల ప్రమాణమైన 15298 నంబరు చూసి కొన్నవే. ఎనిమిది రోజుల ముచ్చటకు ఇంత ఖరీదైన బూట్లా అని కొందరు దాతలు అడిగారు. అడగడం వారి హక్కు, జవాబు చెప్పడం మా పని. షెడ్డులో బ్యాటరీ జారినా, చక్రం దొర్లినా ముందు దెబ్బ తగిలేది కాలి వేళ్లకే. మరో సంగతి కూడా ఉంది. హవాయి చెప్పులతో వచ్చిన పిల్లవాడికి మేస్త్రి పానా ఇవ్వడు, చీపురు ఇస్తాడు. బూట్లు వేసుకుని, నడుముకు ఏప్రన్ కట్టుకుని వెళ్లిన మన పిల్లలకు మొదటి రోజే బండి టైరు విప్పే పని చేతికొచ్చింది.

కళ్లద్దాలు 20, రూ. 110 చొప్పున రూ. 2,200. గ్రైండర్ దగ్గర లేచే నిప్పురవ్వలు, వాహనం కింద పడుకుని పనిచేసేటప్పుడు రాలే తుప్పు కంట్లో పడకుండా ఇవి. చేతి తొడుగులు ఎందుకు కొనలేదని అడిగారు. తిరిగే యంత్రం దగ్గర తొడుగు వేసుకోవడమే ప్రమాదం. డ్రిల్లింగ్ మిషన్‌కు తొడుగు కొస చిక్కితే చేతిని లోపలికి లాగేస్తుంది. వేడి వస్తువులు పట్టుకునేటప్పుడు షెడ్డులో ఉన్న తొడుగులే వాడుకోవాలని పిల్లలకు నేర్పాం.

ఏప్రన్లకు గుడ్డ, దారం, నాడాలకు రూ. 4,090 అయింది. 42 ఏప్రన్లూ కుట్టుపని పిల్లలే కుట్టారు. ఆటోమోటివ్ వారి ఏప్రన్లకు జేబు ఎక్కడ ఉండాలో వారినే పిలిచి అడిగి, పానాలు పట్టేలా లోతుగా పెట్టారు. కుట్టుపని పిల్లలకు తలా ఒక కత్తెర, టేపు, అంగుష్ఠాన (సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగేది), సూదుల పెట్టె ఇచ్చాం. 22 మందికి రూ. 260 చొప్పున రూ. 5,720. షాపులో ఒకే కత్తెర ఉంటే అది కట్టింగ్ మాస్టర్ చేతిలోనే ఉంటుంది. పిల్ల చేతిలో సొంత కత్తెర ఉన్నప్పుడే ఆమెకు గుడ్డ ముక్క ఇచ్చి కత్తిరించమంటారు.

ప్రమాద బీమాకు పన్నుతో కలిపి రూ. 3,717. ఏడాదికి 20 రూపాయలతో వచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా చేయిస్తే పోయేది కదా అని ఒక పెద్దాయన మంచి మనసుతోనే సూచించారు. అది 18 ఏళ్లు నిండినవారికే వర్తిస్తుంది. అందుకే విద్యార్థులందరినీ కలిపి ఒక బృంద పాలసీ తీసుకున్నాం. ధనుర్వాతం టీకాకు ఖర్చు సున్నా. 10 ఏళ్లకు, 16 ఏళ్లకు వేసే టీడీ టీకా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితమే. టీకా కార్డులు తెప్పించి చూసి, వేయించుకోని వారిని అక్కడికే పంపాం.

శనివారాల్లో బడి ముగిశాక తయారీ తరగతులు పెట్టాం. అల్పాహారానికి రూ. 3,060, పదవీ విరమణ చేసిన బస్సు డిపో మెకానిక్ ఒకరి రాకపోకలకు రూ. 600. ఆయన పాఠానికి డబ్బు తీసుకోలేదు. జాకీ మీద లేపిన బండి కిందికి, స్టాండు పెట్టకుండా ఎవరు చెప్పినా దూరకూడదని ఆయన పిల్లల చేత ఒక్కొక్కరితో చేయించి చూపారు. కుట్టుపని టీచరు సూదిలో దారం ఎక్కించే ముందు మోటారు స్విచ్ ఆపడం, జడ ముడి వేసుకోవడం, చున్నీ వెనక్కి కట్టుకోవడం అలవాటయ్యే దాకా వదల్లేదు. ఇవి ఒక ఎత్తు. కొత్త మనిషి ముందు నిలబడి పేరు చెప్పుకోవడం, అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగడం, తప్పు పని చెబితే మర్యాదగానే కుదరదనడం మరో ఎత్తు. రెండోది నేర్పడానికే ఎక్కువ సమయం పట్టింది. ఉపాధ్యాయులు యజమానుల వేషం కట్టి గద్దించి మాట్లాడుతుంటే మొదట్లో తలదించుకున్న పిల్లలు, చివరి శనివారానికి కళ్లలోకి చూసి జవాబు చెప్పారు. ఈ లెక్క మొత్తంలో మా కమిటీకి అన్నిటికంటే తృప్తినిచ్చిన పద్దు ఈ రూ. 3,660.

రోజూ చేసిన పని రాసుకునే పుస్తకాల ముద్రణకు రూ. 1,900 అయింది. గుర్తింపు కార్డులకు రూ. 1,260, తల్లిదండ్రుల అంగీకార పత్రాల జిరాక్సులకు రూ. 640. ప్రతి కార్డు వెనక ప్రధానోపాధ్యాయుల ఫోను నంబరు, బాలల సహాయవాణి 1098 అచ్చు వేయించాం. ప్రథమ చికిత్స పెట్టె లేని ఏడు చోట్లకు పెట్టెలు కొనిచ్చాం, రూ. 2,940. అవి అక్కడే ఉంటాయి. మన పిల్లల తర్వాత కూడా ఆ షెడ్డులో పనిచేసేవారికి ఉపయోగపడతాయి.

ఇంతవరకు ముందస్తు ఖర్చు రూ. 44,167.

పని రోజుల్లో పెద్ద పద్దు భోజనం. సెలవుల్లో బడిలో మధ్యాహ్న భోజనం ఉండదు. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోగలిగిన పిల్లలు కొందరున్నా, ఒకరికి పెట్టి ఒకరికి పెట్టకపోవడం మాకు నచ్చలేదు. అందరికీ ఒకే భోజనం ఏర్పాటు చేశాం. రోజుకు రూ. 45 చొప్పున, వచ్చిన హాజరు ప్రకారం 323 భోజనాలకు రూ. 14,535. సెలవులు కాకుండా బడి రోజుల్లో పంపి ఉంటే ఈ ఖర్చు తగ్గేది, పాఠాలు మాత్రం పోయేవి. 6 నుంచి 12 తరగతుల పిల్లలకు ఇలాంటి శిక్షణ సెలవుల్లో కూడా ఇవ్వవచ్చని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. పని అనుభవం బడి చదువులో భాగం కావాలని కొఠారీ విద్యా కమిషన్ 1966లోనే సిఫారసు చేసింది. మన ఊరి పిల్లలకు అది ఇన్నేళ్లకు అందింది.

ప్రయాణాలకు రూ. 5,080. అబ్బాయిల్లో 12 మందికి బస్సు టికెట్లు రూ. 3,680. మన తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి వారి బస్సు ఖర్చు సున్నా. బస్‌స్టాప్ నుంచి షాపు దూరమైన తొమ్మిది మందికి షేర్ ఆటోకు రూ. 1,400 ఇచ్చాం. ఇద్దరు ఉపాధ్యాయులు రోజూ అన్ని చోట్లకూ తిరిగి చూసి వచ్చారు, పెట్రోలుకు రూ. 2,400. ఈ పద్దులో కోత పెట్టాలన్న మాట ఒకసారి వచ్చింది. పెట్టకపోవడం ఎంత మంచిదైందో వెంటనే తెలిసింది. పండగ ముందు టైలర్లకు ఊపిరి సలపదు. ఒక షాపులో మన ఇద్దరు అమ్మాయిలను కాజాలు, హెమ్మింగ్ పూర్తయ్యే దాకా రాత్రి ఎనిమిదింటి వరకు ఉంచబోయారు. సాయంత్రం చూడటానికి వెళ్లిన టీచరమ్మ అప్పటికప్పుడే పిల్లలను ఇంటికి చేర్చి, మర్నాటి నుంచి వేరే షాపుకు మార్చారు. 14 నుంచి 18 ఏళ్ల లోపు వారిని రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పనిలో ఉంచకూడదని, మూడు గంటల పని తర్వాత గంట విరామం ఉండాలని, విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలు దాటకూడదని 2016లో సవరించిన బాల, కౌమార కార్మిక చట్టం చెబుతోంది. మేము పెట్టిన వేళలు ఉదయం 10 నుంచి సాయంత్రం 4, మధ్యలో గంట భోజన విరామం. ఎంపిక చేసింది 14 ఏళ్లు నిండినవారినే. వెల్డింగ్, పెయింటింగ్ దగ్గరకు పంపకూడదని కూడా యజమానులతో ముందే రాయించుకున్నాం. మిగిలిన యజమానులందరూ మాట నిలబెట్టుకున్నారు. వారికి కమిటీ తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. చివరి రోజున కొందరు పిల్లల చేతిలో పండగ మామూలు పెట్టి పంపారు. అది పిల్లల సొమ్ము, ఈ లెక్కలోకి రాదు.

ముగింపు సభ, శాలువాలు, జ్ఞాపికలు, దాతల పేర్లు అచ్చు వేసిన టీషర్టులు పెట్టాలని సూచనలు వచ్చాయి. ఒక్క రూపాయి కూడా వాటికి ఖర్చు చేయలేదు. సభకు బదులు పిల్లల పని పుస్తకాలు బడిలో బల్లల మీద పరిచి, తల్లిదండ్రులను చూడమన్నాం. ఒక అమ్మాయి తన పుస్తకంలో కొలత జాకెట్టును (కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టును) ఎందుకు నమ్మకూడదో బొమ్మ గీసి రాసింది: పాతది ఉతికి ఉతికి సాగి ఉంటుంది, చంక దగ్గర అప్పటికే విప్పి కుట్టి ఉంటారు, అందుకే ఒంటి కొలత కూడా తీసుకోవాలి. ఆ పేజీని వాళ్లమ్మ చదివించుకుని విన్నారు.

మొత్తం జమ: రూ. 78,012
మొత్తం ఖర్చు: రూ. 66,182
నిల్వ: రూ. 11,830 (బ్యాంకులో రూ. 11,080, కోశాధికారి దగ్గర నగదు రూ. 750)

నిల్వ సొమ్ము వచ్చే ఏడాది బృందానికి బూట్లకే వాడాలని తీర్మానం జరిగింది. ఏప్రన్లు, కళ్లద్దాలు తిరిగి తీసుకుని బీరువాలో భద్రపరిచాం. బూట్లు, కత్తెరలు మాత్రం పిల్లల దగ్గరే ఉంచాం. పది పూర్తయ్యాక ఐటీఐకి వెళ్లేవారికి, ఇంట్లో మిషన్ ఉన్నవారికి అవి పనికొస్తాయి. తిరిగి తీసుకుంటే డబ్బు కలిసొచ్చేదని ఇద్దరు సభ్యులు అభిప్రాయపడ్డారు, దాన్ని మినిట్స్ పుస్తకంలో నమోదు చేశాం.

లెక్కలను కమిటీలో లేని ఇద్దరు పూర్వ విద్యార్థులు ఓచర్లతో సరిచూసి సంతకాలు చేశారు. ఆటో ఛార్జీలకు బిల్లులు రావు కాబట్టి వాటికి తేదీ వేసి, పిల్లల సంతకాలతో చేతి ఓచర్లు రాశాం. బిల్లులు, రసీదు పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ నెల రోజుల పాటు ప్రధానోపాధ్యాయుల గదిలో ఉంటాయి. బడి వేళల్లో ఎవరైనా వచ్చి చూడవచ్చు. విరాళం ఇచ్చి రసీదు అందనివారు, ఏ పద్దు మీదనైనా సందేహం ఉన్నవారు రాతపూర్వకంగా ఇస్తే వచ్చే సమావేశంలో అందరి ముందు జవాబు చెబుతాం.

ఇట్లు,
కన్వీనరు, కోశాధికారి
పని అనుభవ శిక్షణ కమిటీ