ఖాళీ పడుతున్న కాలేజీ భవనాలు: సాంకేతిక కమిటీ వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కమిటీ సమయం దాదాపు అంతా ఇంజనీరింగ్ కాలేజీల పాత బ్లాకులకే సరిపోయింది. సివిల్, మెకానికల్ విభాగాలు బోసిపోతుంటే కంప్యూటర్ సైన్సుకు గదులు చాలడం లేదు. 2024-25 నుంచి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర మండలి) బ్రాంచి సీట్ల పరిమితిని సడలించాక ఆ ఒత్తిడి ఇంకాస్త పెరిగింది.

యాజమాన్యాలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: కూల్చాలా, ఉంచాలా? కొలవకుండా రెండూ చేయొద్దన్నదే మన సలహా. స్లాబు పెచ్చులూడగానే ప్లాస్టరు చేయించేస్తున్నారు. లోపలి కడ్డీ తుప్పుపట్టి ఉబ్బుతూనే ఉంటుంది కాబట్టి ఒకటి రెండు వానాకాలాల్లో ఆ ప్లాస్టరూ రాలిపోతుంది. అందుకే ముందు పరీక్ష చేయాలి. తాజాగా పగలగొట్టిన కాంక్రీటు మీద ఫినాల్ఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ద్రావణం) చల్లండి. గులాబీ రంగు రాని లోతు కడ్డీ కవరును, అంటే కడ్డీ మీదున్న కాంక్రీటు మందాన్ని (స్లాబుకు సాధారణంగా 20 మి.మీ.) దాటిందంటే కడ్డీకి రక్షణ పోయినట్టే. కడ్డీ విద్యుత్ పొటెన్షియల్‌ను కొలిచే హాఫ్ సెల్ పరీక్షలో రీడింగు మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే దిగితే తుప్పు ఉండే అవకాశం 90 శాతం పైమాటే. బలం సంగతి కోర్లు (స్లాబు నుంచి తొలిచి తీసిన కాంక్రీటు ముక్కలు) తేలుస్తాయి: మూడింటి సగటు బలం ఆ గ్రేడు కాంక్రీటు దిమ్మెకు (క్యూబు) ఉండాల్సిన బలంలో కనీసం 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు (కాంక్రీటుకు భారత ప్రమాణం ఐఎస్ 456). కాంక్రీటు ఉపరితల గట్టిదనాన్ని చూసే రీబౌండ్ హ్యామర్‌ను ఒక్కదాన్నే నమ్మొద్దు. కార్బనేషన్ (గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోకి ఇంకడం) వల్ల గట్టిపడిన పైపొర అంకెను పెంచి చూపిస్తుంది.

మరమ్మతుకు ముందు స్లాబు కింద ఆసరాగా జాకీలు పెట్టాలి. కడ్డీ వెనక 20 మి.మీ. ఖాళీ వచ్చేదాకా తొలిచి, తుప్పు గీకి, జింకు ప్రైమరు పూసి, పాలిమర్ మోర్టారుతో నింపాలి. కడ్డీ ముందువైపు మాత్రమే గీకి పూయడం డబ్బు దండగ.

వాడకం మార్చేటప్పుడే అసలు ప్రమాదం. తరగతి గది స్లాబును చదరపు మీటరుకు 300 కిలోల లెక్కన కడతారు. పుస్తకాల ర్యాకుల గదికి 600 కిలోలు కావాలి. పై అంతస్తు ఖాళీగా ఉందని లైబ్రరీని అక్కడికి ఎక్కించొద్దు, గ్రౌండు ఫ్లోరులో పెట్టండి. హాస్టలు గదులుగా మారిస్తే బరువు చిక్కేమీ లేదు, తలనొప్పంతా మరుగుదొడ్ల లీకేజీలదే.

మూసేటప్పుడు ప్రతి బ్లాకులో ఒక అంతస్తు చొప్పున కాక, ఒక బ్లాకును పూర్తిగా మూయాలి. లేకపోతే వాచ్‌మన్, నీళ్లు, కరెంటు ఖర్చు ఎక్కడా తగ్గదు. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షనుకు వాడినా వాడకపోయినా కాంట్రాక్టు డిమాండులో (ఒప్పందంలో రాసుకున్న గరిష్ఠ విద్యుత్ లోడు) కనీసం 80 శాతానికి డిమాండు ఛార్జీ పడుతుంది. ఆ ఒప్పంద లోడును తగ్గించమని డిస్కంకు (విద్యుత్ పంపిణీ సంస్థ) దరఖాస్తు పెట్టడం చాలామందికి తట్టదు. మూసిన బ్లాకులోనూ నెలకోసారి ట్రాపుల్లో (మురుగు వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే గొట్టపు వంపులు) నీళ్లు పోయాలి, లేదంటే దుర్వాసన, పురుగులు. గోడల్లో మొలిచే రావి మొక్కను వేరుతో సహా తీయాలి, కోసి వదిలితే మళ్లీ మొలుస్తుంది.

సున్నపు కట్టడాల సంగతి వేరు. 1803 ప్రాంతంలో నిర్మాణం మొదలైన హైదరాబాదు కోఠి రెసిడెన్సీ లాంటి భవనాల గోడలకు సిమెంటు పూత పూస్తే లోపలి తేమ బయటికి పోలేక గోడే పొడిపొడిగా రాలుతుంది. సున్నానికి సున్నమే.

వచ్చే ఏడాది మొదటి పని డాబాల తనిఖీ. గంటకు 100 మి.మీ. వాన పడితే 100 మి.మీ. గొట్టం ఒక్కటి సుమారు 40 చదరపు మీటర్ల కప్పు నీటినే లాగగలదు. గొట్టాలు లెక్కపెట్టి, మూతుల దగ్గర చెత్త తీయించే పనికి ముందుకొచ్చే సభ్యులు మే నెలాఖరులోగా కార్యదర్శికి పేరు ఇవ్వగలరు.