ఖాకీ సంచీ పెద్దాయనకి, మా నాన్న తరఫున

పోయిన నెల భీమవరంలో తాడేపల్లిగూడెం బస్సెక్కిన మా నాన్న పక్కన కూర్చున్నారు మీరు. పేరు అడగడం ఆయన మర్చిపోయారు. అందుకే ఇలా రాస్తున్నానండి.

నాన్న ఆర్మీలో హవల్దారుగా చేసి 1998లో రిటైరయ్యారు. రెండు నెలలుగా పెన్షన్ పడట్లేదు. పెన్షనర్ బతికే ఉన్నారని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేశాం కదా అని మా ధీమా. మీరు ఆ కాగితం కళ్లజోడు పైకెత్తి చూసి, "పెన్షన్ ఇచ్చే సంస్థ అన్నచోట బ్యాంకు కొట్టారండి. మనకిప్పుడు వచ్చేది రక్షణశాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ స్పర్శ్ నుంచి కదా" అన్నారట. నెట్ సెంటర్లో దగ్గరుండి కొట్టించింది నేనే! పిప్పర వచ్చేలోపు మీ ఫోన్లోనే నాన్న మొహం చూపించి సర్టిఫికెట్ మళ్లీ పంపించేశారు.

అంతటితో వదల్లేదు. పెన్షన్ మంజూరు పత్రం పీపీఓలో అమ్మది పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో మాది. ఇప్పుడే సరిచేయించకపోతే రేపు ఫ్యామిలీ పెన్షన్‌కి ఆవిడ కాళ్లరిగేలా తిరగాలని కోప్పడ్డారట. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ 2003 ఏప్రిల్లో మొదలైందని, అంతకుముందు రిటైరైనవాళ్లు తామే దరఖాస్తు పెట్టుకోవాలని కూడా మీరు చెప్తేనే తెలిసింది. ఇన్నేళ్లూ మోకాలి మందులు సొంత డబ్బుతోనే కొన్నాం.

పెన్షన్ బకాయితో సహా పడింది. అమ్మ పేరు మార్పుకి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కాగితాలిచ్చాం. మీరు వివరాలు రాసిచ్చిన బస్సు టికెట్ నాన్న కళ్లజోడు పెట్టెలో ఉంది. మీ పెన్ను కూడా మా దగ్గరే ఉండిపోయిందండి.