చరిత్ర అధ్యయన విభాగం వార్షిక నివేదిక: రోమన్ పాలన ముగిసిన తరువాత బ్రిటన్ల సమాజం

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

దక్షిణ వేల్స్‌లో స్థిరపడిన తెలుగువారిగా మనం కాపురముంటున్న నేల చరిత్రను తెలుసుకోవాలని క్రితం సర్వసభ్య సమావేశంలో మీరు చేసిన తీర్మానం మేరకు, మన విభాగం ఈ సంవత్సరాన్ని ఒకే అంశానికి కేటాయించింది. రోమన్ ప్రభుత్వం తొలగిపోయాక, అంటే 5, 6 శతాబ్దాలలో, ఈ ద్వీపపు మూలవాసులైన బ్రిటన్లు తమ సమాజాన్ని ఎలా నిలుపుకున్నారన్నదే ఆ అంశం.

ముందుగా ఒక సవరణ. 410లో రోమన్ సైన్యం ఓడలెక్కి వెళ్లిపోగా పాలన ఒక్కసారిగా ముగిసిందని మన తొలి కరపత్రంలో రాశాము. అది పొరపాటు. 402 ప్రాంతం నుంచే ఇక్కడికి కొత్త నాణేల రాక దాదాపు ఆగిపోయింది. 407లో సైనికులు చక్రవర్తిగా నిలబెట్టిన మూడవ కాన్‌స్టాంటైన్ సైన్యాన్ని వెంటబెట్టుకొని గాల్‌కు, అంటే నేటి ఫ్రాన్స్ ప్రాంతానికి, వెళ్లాడు. బ్రిటన్లే రోమన్ అధికారులను వెళ్లగొట్టారని చరిత్రకారుడు జోసిమస్ రాశాడు. మీ రక్షణ మీరే చూసుకోండని హొనోరియస్ చక్రవర్తి 410లో రాసిన లేఖ సైతం బ్రిటన్‌కు కాక ఇటలీలోని బ్రుట్టియంకు పంపినదని కొందరు పండితుల అభిప్రాయం.

డబ్బు రాక ఆగితే జనం ఏం చేస్తారో బ్రిటిష్ మ్యూజియంలో కళ్లారా చూశాము. సఫోక్‌లోని హాక్సన్ వద్ద 1992లో దొరికిన నిధిలో 14,000కు పైగా వెండి నాణేలున్నాయి. వాటిలో అత్యధికం అంచులు కత్తిరించినవే. అయినా కత్తెర చక్రవర్తి ముఖం దగ్గర ఆగిపోయింది; చుట్టూ ఉన్న అక్షరాలు పోయాయి గానీ ముఖం మాత్రం చెక్కుచెదరలేదు. వెండి అవసరమైనా ఆ ముఖం మీది విశ్వాసాన్ని వదులుకోలేని మనుషులు ఆ అద్దాల పెట్టెలో నాకు కనిపించారు.

ఈ ఏటి యాత్రలలో మనసుకు బాగా హత్తుకున్నది ఉత్తర వేల్స్‌లోని పెన్మాక్నో. తెల్లవారుజామున బయలుదేరి, మధ్యాహ్నానికి ఆ చిన్న ఊరి చర్చికి చేరుకున్నాము. అక్కడి ఒక సమాధి శిలపై లాటిన్‌లో ఉన్నది ఇంతే: కాంటియోరి ఇక్కడ శయనించాడు, ఇతడు వెనెడోస్ పౌరుడు, మాగ్లస్ అనే మేజిస్ట్రేట్‌కు కజిన్ వరస బంధువు. వెనెడోస్ అంటే నేటి గ్వినెత్ ప్రాంతం. ఆ బంధుత్వాన్ని తెలుగులో ఏమనాలి, అన్నదమ్ముల వరసా, బావమరదుల వరసా అని మనవాళ్ల మధ్య చాలాసేపు చర్చ నడిచింది. లాటిన్ పదం ఆ తేడా చెప్పదు. రోమ్ అధికారం పోయి కొన్ని తరాలు గడిచాక, కొండల మధ్య బతికిన ఒక కుటుంబం తమవాడిని పౌరుడని, బంధువును మేజిస్ట్రేట్ అని రాయి మీద చెక్కించుకుంది. ఈ కాలాన్ని చీకటి యుగమనే అలవాటు మనం మానుకోవాలని నా దృఢమైన అభిప్రాయం. మన కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళుల తెలుగు శాసనం వెలసినదీ ఇంచుమించు ఆ రోజులలోనే, 575 ప్రాంతంలో.

కార్డిఫ్ పక్కనే ఉన్న డీనస్ పోవిస్ కొండకోటకు ఒక ఆదివారం వెళ్లి వచ్చాము. 1950లలో జరిగిన తవ్వకాలలో అక్కడ మధ్యధరా తీరం నుంచి వచ్చిన కుండల పెంకులు, గాజు ముక్కలు, నగల తయారీ ఆనవాళ్లు బయటపడ్డాయి. పట్టణాలు క్షీణించాక అధికారం ఇలాంటి కొండల మీదికి చేరింది. ద్రాక్షసారా, నూనె మాత్రం సముద్రం దాటి వస్తూనే ఉన్నాయి.

పఠన సమావేశాలలో బ్రిటన్ల సన్యాసి గిల్డాస్ రచననూ, ఐర్లండ్‌లో క్రైస్తవ ప్రచారం చేసిన సెయింట్ పాట్రిక్ ఆత్మకథనూ చదివాము. పాట్రిక్ తండ్రి పట్టణ సభ సభ్యుడు, చర్చిలో డీకన్ కూడా. పదహారేళ్ల వయసులో ఐరిష్ దొంగలు ఎత్తుకుపోగా పాట్రిక్ ఆరేళ్లు బానిసగా పశువులు కాశాడు. గిల్డాస్ తన కాలపు ఐదుగురు రాజులను పేరుపేరునా దుయ్యబట్టాడు; న్యాయాధికారులున్నారు కానీ అధర్మపరులని వాపోయాడు. ఆ కోపంలోనే వ్యవస్థ ఇంకా మిగిలి ఉందన్న సాక్ష్యం దొరుకుతుంది.

తూర్పున, సముద్రం దాటి వచ్చి స్థిరపడిన ఇంగ్లిష్‌వారి రాజుల ఏలుబడిలోకి వెళ్లిన బ్రిటన్ల స్థితి వేరు. సుమారు 690 నాటి వెస్సెక్స్ రాజు ఐనీ చట్టంలో, ఐదు హైడ్‌ల (ఒక హైడ్ అంటే ఒక కుటుంబ పోషణకు చాలే భూమి) ఆస్తి ఉన్న బ్రిటన్ జాతీయుడిని చంపితే చెల్లించవలసిన పరిహారం 600 షిల్లింగులు. ఇంగ్లిష్ కులీనుడికి 1,200. ఇంగ్లిష్‌వారు బ్రిటన్లను పిలిచిన ‘వెయల్’ అనే మాటకు పరాయివాడని అర్థం. నేటి వెల్ష్ అన్న పేరు దాని నుంచి వచ్చినదే. బ్రిటన్లు మాత్రం తమను తాము తోటి దేశస్థులన్న అర్థంలో ‘కమ్రీ’ అని పిలుచుకున్నారు.

ఏడో శతాబ్దపు రాజు కాటమానస్ సమాధి శిలను చూడడానికి వచ్చే వేసవిలో ఆంగ్లసీ ద్వీపంలోని లాన్‌గడ్‌వాలదర్‌కు వెళ్లాలని కార్యవర్గం ప్రతిపాదిస్తున్నది. రాదలచినవారు సర్వసభ్య సమావేశం నాటికి తమ పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. జమాఖర్చుల పట్టిక ఈ నివేదికతోపాటు విడిగా అందజేస్తున్నాము.

కార్యదర్శి,
చరిత్ర అధ్యయన విభాగం