కుగ్లర్ డాక్టరమ్మ తొలి రెండేళ్ల సంగతి

సంపాదకులకు,

అయ్యా,

ఏటా జులై 1న వైద్యుల దినోత్సవం నాడు పత్రికల జిల్లా పేజీల్లో గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి గురించి ఏదో ఒక వ్యాసం కనిపిస్తూనే ఉంటుంది. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి వచ్చారని, స్త్రీల కోసం ఆసుపత్రి కట్టించారని, 1930లో గుంటూరులోనే కన్నుమూశారని రాసి ముగిస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆమె ఊళ్లో అడుగుపెట్టిన నాటికీ ఆసుపత్రి వెలిసిన నాటికీ మధ్య పదేళ్లకు పైగా గడిచాయని, అందులో మొదటి రెండేళ్లు ఆమె ఇక్కడ డాక్టరుగా లెక్కలోనే లేరని ఆ వ్యాసాల్లో చదివిన గుర్తు నాకు లేదు.

ఆమె ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పొందారు. అయినా ఆమెను పంపిన లూథరన్ మహిళా సంఘం వైద్య సేవ చేపట్టడానికి ఇంకా సుముఖంగా లేక, ఘోషా స్త్రీల (పరదా దాటి బయటికి రాని స్త్రీల) ఇళ్లకు వెళ్లి చదువు చెప్పే పని అప్పగించింది. ఇరవై ఏడేళ్ల మనిషి, చేతిలో విద్య ఉండి, దాన్ని పక్కన పెట్టి పలక పట్టుకోవడానికి ఒప్పుకుని సముద్రం దాటి వచ్చారు. (అదే 1883లో, మన దేశపు తొలి మహిళా డాక్టర్లలో ఒకరైన ఆనందీబాయి జోషీ అదే కళాశాలలో చేరడానికి కలకత్తా నుంచి అమెరికాకు ఓడ ఎక్కారు. ఒకరు వస్తుంటే ఇంకొకరు వెళ్లారు!) అప్పటికి గుంటూరుకు రైలు లేదు. గుంటూరు జిల్లా కూడా ఇంకా ఏర్పడలేదు, ఊరు కృష్ణా జిల్లాలో ఉండేది. మగ వైద్యుడికి చెయ్యి చూపించుకోవడానికి ఒప్పుకోని ఇళ్లు ఎన్నో. వచ్చినావిడ వైద్యం తెలిసిన మనిషని తెలిశాక రోగులు ఊరుకుంటారా? మొదటి ఏడాదిలోనే ఆమె నాలుగు వందల మందికి పైగా చూశారు. సంఘం ఆమెను వైద్య మిషనరీగా అధికారికంగా నియమించింది మాత్రం 1885 చివర్లో.

ఈ సంగతి నన్ను ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. నేను ఇరవై ఆరేళ్ల వయసులో నర్సుగా కువైట్ వెళ్లాను. చేరిన మొదటి వారంలోనే ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని తన కడుపు మీద పెట్టుకుని ఏకధాటిగా ఏదో చెప్పింది. నాకు అందులో 'అలమ్', అంటే నొప్పి, అన్న ఒక్క మాట తెలిసింది. ఎప్పటి నుంచి, ఎలాంటి నొప్పి అన్నది తెలియక, ఆవిడ ముఖం వంక చూస్తూ నిలబడిపోయాను. తెలుగు ఆ పరదేశీ డాక్టరమ్మను ఇంకెంత తిప్పలు పెట్టి ఉంటుందో! బ్రౌన్ నిఘంటువు 1852 నుంచీ అచ్చులో ఉన్న మాట నిజమే. కానీ "వేడి చేసిందమ్మా" అన్న రోగికి నోరు పూసిందో, మూత్రం మంటగా ఉందో, ఒట్టి నీరసమో నిఘంటువు చెప్పదు. "కాళ్లు పీకుతున్నాయి" అంటే ఎవరు పీకుతున్నారని అడగాలనిపించేది కొత్తవారికి.

కుగ్లర్ వచ్చింది క్రైస్తవ మత ప్రచారానికేనన్న మాట దాచాల్సిన పని లేదు. మందు వెంట మతం వస్తుందేమోనని ఆనాటి కుటుంబాలు శంకించి ఉంటే తప్పు పట్టడానికీ లేదు. ఆ శంకల మధ్య, రాని భాషలో, తనకు ఇవ్వని ఉద్యోగం చేసుకుంటూ గడిపిన కాలాన్ని వదిలేసి ఆసుపత్రి భవనం దగ్గర కథ మొదలుపెట్టడం వల్ల మనకు మిగిలేది ఒక దాతృత్వ విగ్రహం మాత్రమే.

ఆసుపత్రి చరిత్రను ఆమే జీవిత చరమాంకంలో ఇంగ్లీషులో రాసి వెళ్లారు. వచ్చే జులైకి పాత వ్యాసాన్నే మళ్లీ వేయకుండా, ఆ పుస్తకంలో తొలి రోజులకు సంబంధించిన పేజీలను ఎవరి చేతనైనా తెలుగు చేయించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
గుంటూరు