చిన్నోడికి, చేవ గురించి

చిన్నోడా,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పంపిస్తున్నావు, అందుకే ఇంత పొడుగున రాస్తున్నా, అన్నం తిన్నాక తీరిగ్గా చదువు. విశేషమేం లేదు. మొన్న సింగరాయకొండ పెళ్లిలో పెద్దబావ కలిశాడు. పప్పులోకి నెయ్యి వేయించుకుంటూ, "మీవోడు తెగించాడంటగా, ఉద్యోగం మానేసి హోటల్ పెడతన్నాడంట, చేవుండాలిలే దానికి" అన్నాడు. పంక్తిలో వాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. అది నిజమా కాదా అని నిన్ను అడగడం లేదు.

కానీ సామిల్లులో బతుకంతా రంపంపొట్టు మింగినవాడి దగ్గరా చేవ మాట ఎత్తేది? మానును అడ్డంగా కోస్తే అంచున తెల్లచెక్క, నడుమ నల్లగా కనపడేదే చేవ. నీళ్లు పైకి మోసేది తెల్లచెక్క, పురుగు ముందు పట్టేదీ దాన్నే. లోపలి పొరలు ఏళ్లు గడిచేకొద్దీ ఆ మోత మానేసి, చెట్టు వగరంతా నింపుకుని గట్టిపడతాయి. మన వైపు నాగళ్లకీ బండి చక్రాలకీ చేవదేరిన నల్లతుమ్మనే వెతికేవాళ్లు. లేత మానులో చేవ ఎంతుంటుంది?

బ్రౌన్ నిఘంటువులో చేవకు చెట్టు నడిమి గట్టిదనం అనీ ఉంది, బలం, ధైర్యం అనీ ఉంది. చేగ అని కూడా అంటారు, పాత తమిళంలో సేకు అన్నా మాను చేవే. సాహసం, ధైర్యం సంస్కృతం నుంచి వచ్చినవి. సాహసమంటే ధర్మశాస్త్రాల్లో దౌర్జన్యంగా చేసే నేరం, ఇప్పుడు దాని పేరున పిల్లలకు బహుమతులిస్తున్నాం! చేవ తీరు వేరు. చేవ చచ్చినోడు, చేవలేని దద్దమ్మ, చేవుంటే రారా అంటారే తప్ప, ఉన్నవాణ్ణి పట్టుకుని నీకు చేవుందని మెచ్చుకునేవాళ్లు తక్కువ. అందుకే పెద్దబావ మాట మీద నాకు అనుమానం. ఇక తెగువ అంటావా, అది తెగడం నుంచి వచ్చింది. ప్రాణం మీద ఆశ తెంచుకున్నా తెగింపే, ఇంట్లోవాళ్లతో మాట తెంచుకున్నా తెగింపే.

మీ అవ్వ సంగతి నీకు సరిగ్గా తెలియదు. 1992లో కలిగిరి దగ్గర దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. రాత్రిబడిలో చదువుకుంటూ మాట్లాడుకున్న మాటలే అంతదాకా తెచ్చాయి. ఆ కబురు మన ఊరికీ వచ్చింది. అవ్వకు బల్లిని చూస్తే భయం, చీకట్లో దొడ్లోకి పోవాలంటే నన్ను లేపేది. అట్లాంటిది సారా ప్యాకెట్ల జీపు వచ్చే రోజున కారం పొట్లం కొంగున కట్టుకుని బయల్దేరింది. పోయేముందు మా నాయన దగ్గరికొచ్చి, "పోతన్నా, గొడ్లకు కుడితి పెట్టు, పిల్లోడికి అన్నం పెట్టు" అని చెప్పింది. నాయన అరిచాడు, ఆయనే కదా తాగేది. అరిస్తే అరిచాడు, చెప్పి పోయింది. మిగతా ఆడోళ్లతో జీపుకడ్డంగా కూర్చుంటే డ్రైవరు ఇంజన్ రేజ్ చేశాడంట, వీళ్లు కదల్లేదంట, చివరికి జీపే వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చాక చేతులు వణికి చెంబు పట్టుకోలేకపోయింది. మర్నాడు మళ్లీ పోయింది, మళ్లీ చెప్పే పోయింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు.

చూశావా, చెప్పి పోయింది అని ఎన్నిసార్లు రాశానో. లెక్చర్ ఇవ్వకూడదనుకుని మొదలుపెట్టాను. హోటలంటే అద్దె, అడ్వాన్సు, గ్యాసు, వంటమాస్టర్ అలిగి పోతే నువ్వే గరిటె పట్టాలి. నీకు ఉప్మా కూడా ఉండలు కడుతుంది. రాత్రుళ్లు మేలుకోమాక, బయట నూనె తినమాక. అమ్మ గోంగూర పచ్చడి పెట్టింది, సింహపురి ఎక్స్‌ప్రెస్‌కి రిజర్వేషన్ చేసుకుని వచ్చి తీసుకుపో, కావలి స్టేషన్‌కి నేనొస్తాను.

ఉద్యోగం మానావో లేదో నేను అడగడం లేదు. పీఎఫ్ డబ్బులు మాత్రం ముట్టుకోమాక.

నాన్న