ఆదివారం వాకింగ్ అయ్యాక: స్కాన్ డై, మన కిడ్నీలు

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 7 గంటలకు, నడక అయిపోగానే, ఎస్వీయూ గ్రౌండ్‌లో అరగంట కూర్చుందాం. మన గ్రూపులోని డాక్టరమ్మ మాట్లాడతారు.

సీటీ స్కాన్, యాంజియోగ్రామ్‌లలో లోపలి భాగాలు స్పష్టంగా కనబడటానికి ఎక్కించే అయోడిన్ డై గురించి. పసుపు కషాయం, గ్రీన్ టీ తాగితే ఆ డై కిడ్నీలను ఏమీ చేయదని గ్రూపులో మెసేజ్‌లు తిరుగుతున్నాయి. పసుపులోని కర్‌క్యుమిన్ ఎలుకల్లో కొంత మేలు చూపిన మాట నిజమే. మనుషుల్లో అంత గట్టి రుజువు లేదు. పసుపులాగే యాంటీఆక్సిడెంట్ (కణాలు దెబ్బతినకుండా చూసే పదార్థం) అయిన ఎసిటైల్‌సిస్టీన్ మాత్ర కూడా 2018లో వచ్చిన పెద్ద పరిశోధనలో పనిచేయలేదు. దయచేసి ఆ మెసేజ్‌లు ఫార్వర్డ్ చేయకండి. కూరలో పసుపు మాత్రం మానక్కర్లేదు!

స్కాన్ రాసిచ్చి ఉంటే క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) అయిందో లేదో చూసుకోండి. మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర), నొప్పి మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. నీళ్లు ఎంత తాగాలో డాక్టర్‌నే అడగండి, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఎక్కువ నీళ్లూ ఇబ్బందే. భయపడి అవసరమైన స్కాన్ వాయిదా వేయొద్దు. కిడ్నీలు బాగున్నవాళ్లకు ముప్పు చాలా తక్కువ.

పాత రిపోర్టు, మందుల చీటీ తెచ్చుకోండి. వాటి ఫొటోలు గ్రూపులో పెట్టొద్దు.

వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోపు ఇక్కడ పేరు రాయండి.