తొమ్మిది ఊళ్ళు వద్దు, ఒక్క లోయ చాలు

అమ్మలూ,

నువ్వు పంపిన లిస్టు నేనూ అమ్మా కూర్చుని చూశాం. మూడు రోజుల సెలవు, అద్దె కారు, దక్షిణ ఫ్రాన్స్‌లో తొమ్మిది ఊళ్ళు. చదువుతుంటేనే నడుం పట్టేసింది. "మీరిద్దరూ అక్కడ నడిచొచ్చారు కదా నాన్నా, ఇందులో ఏది ఉంచాలో ఏది తీసేయాలో చెప్పు" అన్నావు. అడిగావు కాబట్టి చెబుతున్నా. దాదాపు అన్నీ కొట్టేశాను.

అల్బీ కథీడ్రల్ చూడాల్సిందే. అంత పెద్ద కట్టడాన్ని ఇటుకతో లేపిన మేస్త్రీలకు దండం పెట్టాలి. కానీ మీరుండే టులూజ్‌లో రైలెక్కితే గంటలో చేరే ఊరు. ఏదో ఒక ఆదివారం పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. కార్కసోన్ కూడా అంతే. అక్కడ బురుజుల మీద కోసుగా కనిపించే పలకరాతి కప్పులు 19వ శతాబ్దంలో వియొలే-ల-ద్యూక్ అనే ఆర్కిటెక్ట్ పెట్టించినవి. మధ్యయుగపు కోట ఎలా ఉండి ఉంటుందని ఆయన అనుకున్నాడో అలా కట్టించాడు. ఆయన పూనుకోకపోతే ఆ గోడలు ఈపాటికి మిగిలేవి కావేమో, కాబట్టి తప్పు పట్టడం లేదు. అక్కడికి వెళ్ళినప్పుడు మాత్రం ఆ సంగతి గుర్తు పెట్టుకుని చూడు. రోకమదూర్‌కి మాత్రం పొడుగు వారాంతంలో పోకండి. పార్కింగ్ వెతుక్కోవడంతోనే సగం రోజు పోతుంది.

నా మాట వింటే కారు మానేసి లోట్ నది లోయకు వెళ్ళండి. సాన్ కోమ్ దోల్ట్ అనే ఊళ్ళో మొదలుపెట్టి కోంక్ దాకా మూడు రోజుల నడక, మొత్తం 50 కిలోమీటర్ల పైచిలుకు. మొదటి రోజు ఎస్పాలియోన్ మీదుగా ఎస్తాన్, రెండో రోజు గోలిన్యాక్, మూడో రోజు కోంక్. రెండో రోజు ఎక్కుడు ఎక్కువ. మూడో రోజు దూరం ఎక్కువ, 20 కిలోమీటర్లు దాటుతుంది.

ఈ దారి పేరు జీఆర్ 65. ల పుయి అనే ఊరి నుంచి స్పెయిన్ సరిహద్దు కొండల దాకా సుమారు 750 కిలోమీటర్లు పోతుంది. 950లో ల పుయి బిషప్ గొదెస్కాల్క్ తన పరివారంతో బయల్దేరి స్పెయిన్‌లోని క్రైస్తవ పుణ్యక్షేత్రం సాంటియాగో దాకా యాత్ర చేశాడు. అప్పటి నుంచి జనం నడుస్తూనే ఉన్నారు. 1998లో యునెస్కో ఫ్రాన్స్‌లోని సాంటియాగో యాత్రా మార్గాలను వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు 71 కట్టడాలతో పాటు ఏడు చోట్ల దారినే గుర్తించింది. ఆ ఏడూ ఈ మార్గంలోనే ఉన్నాయి. సాన్ కోమ్ నుంచి ఎస్తాన్ దాకా మీరు మొదటి రోజు నడిచేది అందులో ఒకటి. వట్టి కాలిబాటకు ఇంత గౌరవమా అని సర్వీసంతా రోడ్లు వేయడంలోనే గడిపిన నాకు భలే ముచ్చటేసింది.

దారి తప్పుతామని టెన్షన్ పడకండి. చెట్ల మీద, రాళ్ళ మీద, కరెంటు స్తంభాల మీద పైన తెలుపు, కింద ఎరుపు అడ్డగీతలు ఉంటాయి. అవి కనిపిస్తే దారి సరైనదే. వాటి కింద వంపు తిరిగిన బాణం ఉంటే మలుపు వస్తోందని. అవే రంగులతో ఇంటూ గుర్తు కనిపిస్తే అటు పోకూడదు. ఈ పెయింట్ వేసేది ప్రభుత్వ సిబ్బంది అనుకునేవు, కాదు. నడకదారుల ఫెడరేషన్ వాలంటీర్లు డబ్బా, బ్రష్ పట్టుకుని తిరిగి వేస్తారు. గోలిన్యాక్ ముందు ఒక చెట్టు మీద పాత గుర్తు బెరడుతో పాటు సాగి పగిలిపోతే, దాని పక్కనే బెరడు గీకి నున్నగా చేసి కొత్తది వేశారు. నేను అక్కడ ఆగి ఫోటో తీస్తుంటే మీ అమ్మ నవ్వింది. చర్చిలు వదిలేసి పెయింటు ఫోటోలు తీసేవాడు ఇంకెవడూ ఉండడట.

సాన్ కోమ్‌లో చర్చి గోపురం మెలితిరిగి ఉంటుంది. ఇలాంటి గోపురాలకు రెండు కారణాలు చెబుతారు. పచ్చి కలప వాడితే ఎండిన కొద్దీ మెలిపడిందని కొందరు, కావాలనే అలా కట్టారని కొందరు. ఆ మెలిక కింది నుంచి పైదాకా అంత పద్ధతిగా ఉంది, కాబట్టి నా ఓటు రెండోదానికే.

ఎస్పాలియోన్‌లో మాత్రం తొందరపడకండి. ఎర్ర ఇసుకరాతి పాత వంతెన దగ్గర వంతెన మీద కాదు, పక్కన ఒడ్డు మీద నిలబడి చూడండి. స్తంభాలకు ప్రవాహం వచ్చే వైపు కోసుగా రాయి కట్టి ఉంటుంది. వరద నీటిని, కొట్టుకొచ్చే దుంగల్ని చీల్చి రెండు పక్కలకూ పంపడానికి అది. ఇప్పుడు మనం కాంక్రీటులో చేసేదీ అదే పని. లెక్కలు కట్టే పుస్తకాలు లేని రోజుల్లో, వరదను కళ్ళతో చూసి నేర్చుకున్న విద్య. అక్కడే నది అంచున పాత తోళ్ళ పనివాళ్ళ ఇళ్ళు ఉన్నాయి, చెక్క బాల్కనీలతో. వాటి కింద నీళ్ళలోకి పొడుచుకొచ్చిన రాతి పలకలు ఒకదాని కంటే ఒకటి కిందికి ఉంటాయి. నది మట్టం పెరిగినా తగ్గినా ఏదో ఒక పలక మీద కూర్చుని తోళ్ళు కడుక్కోవడానికి ఆ ఏర్పాటు. ఊళ్ళోకి రాకముందే పెర్స్ చర్చి కూడా దారిలోనే వస్తుంది, అదీ ఎర్ర రాయే. ఎస్తాన్‌లో కొండ మీద కోట ఉంది. ఆ ఇంటిపేరున్న ఫ్రాన్స్ మాజీ అధ్యక్షుడు జిస్కార్ దెస్తాన్ 2005లో తన వాళ్ళతో కలిసి దాన్ని కొన్నాడు. బయటి నుంచి చూస్తే చాలు.

రాత్రి బసకు గీట్‌లు అనే చిన్న సత్రాలు ఉంటాయి. దెమీ పాన్సియోన్ అని అడిగితే మంచం, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి ఒకటే రేటు. బూట్లు గుమ్మం బయటే విప్పాలి. ఈ ఒక్క నియమంతో మీ అమ్మ ఫ్రాన్స్ దేశాన్ని మొత్తంగా మెచ్చేసుకుంది. భోజనం అందరూ ఒకే బల్ల దగ్గర. మేం మాంసం తినం అని బుక్ చేసేటప్పుడే చెప్పండి, అక్కడికి వెళ్ళాక చెబితే ఆమ్లెట్టే గతి. ఆ ప్రాంతంలో అలిగో అని ఒకటి చేస్తారు. ఉడికించిన బంగాళదుంపలు మెత్తగా మెదిపి, వెల్లుల్లి, వెన్న, తాజా తోమ్ చీజ్ వేసి చెక్క గరిటెతో కలుపుతూనే ఉంటారు. మేము దిగిన చోట వంటావిడ గరిటె తలపైకెత్తింది, తీగ తెగలేదు. కత్తెరతో కట్ చేయమంటారా అని అడిగి అందర్నీ నవ్వించింది. పక్కన సాసేజ్ వద్దంటే మానేస్తారు.

ఇక కోంక్. చివరి దిగుడు చాలా వాలు, వాన పడితే రాళ్ళు జారతాయి, కర్రలు తప్పనిసరి. దిగుతుండగా ముందు కప్పులే కనిపిస్తాయి. పలకలుగా చీలే రాయిని చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చారు. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి పోయే కొద్దీ చిన్నవి. బరువు గోడల వైపు దించడానికి, నీళ్ళు ఎక్కువగా పారే చోట అతుకులు తగ్గించడానికి.

ఊళ్ళో సాంత్ ఫుయా అనే క్రైస్తవ సాధ్వి పేరున పెద్ద చర్చి ఉంది. అది అక్కడికి ఎలా వచ్చిందో తెలుసా? ఆ సాధ్వి అస్థికలు మొదట అజాన్ అనే ఊళ్ళో ఉండేవి. కోంక్ మఠం సన్యాసి ఒకడు అక్కడ చేరి, ఏళ్ళ తరబడి నమ్మకంగా మెలిగి, 866లో వాటిని దొంగిలించి తెచ్చేశాడు. అస్థికలతో పాటు యాత్రికులు వచ్చారు, వాళ్ళతో పాటు డబ్బు వచ్చింది, ఆ డబ్బుతో ఇంత గుడి లేచింది. ఫ్రెంచి విప్లవం రోజుల్లో ఆ గుడి బంగారాన్ని కరిగించేస్తారని ఊళ్ళోవాళ్ళు తలా ఒకటి ఇళ్ళలో దాచి, గొడవ సద్దుమణిగాక తిరిగి ఇచ్చేశారు. దొంగతనంతో మొదలైన నిధి కదా, ఇలా తిరిగి రావడం నాకు భలే అనిపించింది.

పడమటి వాకిలి మీద అంతిమ తీర్పు శిల్పం ఉంది. 12వ శతాబ్దం మొదట్లోది, మన రామప్ప గుడికి దాదాపు వందేళ్ళు ముందు. 124 బొమ్మలు, అక్కడక్కడా పాత రంగు కూడా మిగిలి ఉంది. స్వర్గం వైపు అందరూ వరుసగా బుద్ధిగా ఉన్నారు, అటు చూస్తే ఆవులింతలొస్తాయి. అసలు సందడంతా నరకంలోనే. గుర్రం మీంచి తలకిందులుగా పడుతున్న గర్విష్ఠి వీరుడు, మెడకు డబ్బు సంచితో వేలాడుతున్న పిసినారి. తాసు దగ్గర దయ్యం వేలితో పళ్ళెం నొక్కుతోంది, తూకంలో మోసం ఎన్నేళ్ళ నాటిదో చూడు. అన్నీ అయ్యాక వంపు అంచు చూడు. రాతి పట్టీ వెనక నుంచి చిన్న చిన్న ముఖాలు, వేళ్ళతో అంచు పట్టుకుని తొంగి చూస్తుంటాయి. వాటి సంగతి చాలామంది గమనించకుండానే పోతారు. సాయంత్రం మఠం బ్రదర్ ఒకరు అక్కడ నిలబడి శిల్పాన్ని వివరిస్తారు. ఫ్రెంచిలోనే చెబుతారు, నీకు ఇబ్బంది లేదు, అల్లుడికి చెవిలో చెబుతూ ఉండు.

లోపల కిటికీ అద్దాలు మాత్రం కొత్తవి. రొదెజ్‌లో పుట్టిన చిత్రకారుడు పియెర్ సులాజ్ చేసినవి, 1994లో పూర్తయ్యాయి. రంగు లేని గాజు, నల్ల గీతలు, అంతే. పాత గుడికి ఇవేంటని అప్పట్లో గోల చేసినవాళ్ళు ఉన్నారు. నాకు నచ్చాయి. పొద్దున నీలంగా కనిపించిన గాజు సాయంత్రానికి పసుపు తిరుగుతుంది, ఆ వెలుగులో రాయి రాయిలాగే కనిపిస్తుంది. మీ అమ్మకు నచ్చలేదు. ఈ విషయంలో మీరిద్దరూ చూసొచ్చి తీర్పు చెప్పండి.

టులూజ్ నుంచి రొదెజ్‌కి రైలు, అక్కడి నుంచి ఎస్పాలియోన్ వైపు బస్సు. ఆదివారం, సెలవు రోజుల్లో బస్సులు బాగా తక్కువ కాబట్టి వెళ్ళే రోజు చూసి పెట్టుకోండి, వచ్చే దారి కూడా. మే నెలలో అసెన్షన్ సెలవులకు గీట్‌లన్నీ నిండిపోతాయి, వారాల ముందే ఫోన్ చేయాలి. చలికాలంలో చాలావరకు మూసేస్తారు. సెప్టెంబరు అయితే నీ అదృష్టం. బరువు మోయలేకపోతే బ్యాగుకు ఇంత అని తీసుకుని వ్యాన్‌లో తర్వాతి ఊరికి చేర్చేవాళ్ళున్నారు, సిగ్గుపడక్కర్లేదు, మేమూ అదే చేశాం. పశువుల పొలాల మధ్య గేట్లు తీసి వెళ్ళాల్సి వస్తే మళ్ళీ మూసి కదలండి.

ఆవకాయ సీసా మోసుకుపోవద్దని మీ అమ్మతో చెప్పించాలని చూశాను. చిన్న డబ్బా అయితే పర్వాలేదట. తేదీలు ఖాయం కాగానే వాట్సాప్‌లో పెట్టు.

ఆశీస్సులతో,
నాన్న